నూలుపోగుతో కొలిచిన మచ్చలు

పోయిన వారం ఖానాపూర్ నుంచి ఫోన్ వచ్చింది. మా ఊరి పశువుల దవాఖానలో చాలా ఏళ్లు పనిచేసిన కాంపౌండర్ సారు ఇక లేరట. రిటైరయ్యాక సొంతూరు వెళ్లి పొలం చూసుకుంటూ ఉండేవారు. "పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు, గట్లనే పోయిండు" అంది ఆయన కోడలు. నాకు ఏడుపు కంటే ముందు ఒక ప్రశ్న వచ్చింది. అప్పుడాయన దేన్ని చూస్తున్నారో? దేన్నీ చూడకుండా ఊరికే కూర్చునే మనిషి కాదు.

దవాఖానకు ఏ పశువును తోలుకెళ్లినా ఆయన ముందు దాని చుట్టూ ఒకసారి తిరిగేవారు. మందు అడిగితే "ఆగుండ్రి, జర చూడనియ్యుండ్రి" అనేవారు. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కునేవాళ్లు. తెలియని సంగతైతే "నాకు తెల్వదు" అని గట్టిగా, ఏదో దొరికినంత సంతోషంగా చెప్పేవారు. ఆ మాట అంత హాయిగా అనగలిగిన మనిషిని మళ్లీ చూడలేదు.

నాకు అప్పుడు పదిహేడేళ్లు. మాది సాంచాల ఇల్లు. మరమగ్గాలను మా మానేరు ఒడ్డున అలాగే అంటాం. బాపు సాంచాలు నడిపేవాడు, నేను కండెలకు నూలు చుట్టేదాన్ని. నేను పెంచుకుంటున్న మూడు నెలల కుక్కపిల్లకు ఒకరోజు కంటిపైన రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు రాలిపోయాయి. వారం తిరిగేసరికి ముక్కు పక్కన ఒకటి, ముందరి కాలి మీద ఒకటి. మా పేటలో కుక్కల ఒంటికి ఏం వచ్చినా మందు ఒక్కటే: సాంచ కింద కారిన నల్లనూనె. నేనూ గుడ్డ ముంచి పూసేశాను. అది నాక్కుని, వాంతులు చేసుకుని మూలన పడింది. ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తాను.

సారుకు కోపం రావడం అదే మొదటిసారి చూశాను.

"సాంచ నూనె సాంచకు పొయ్యాలె. నువ్వు తాగుతవా బిడ్డా గది?"

సబ్బు పెట్టి నాలుగుసార్లు కడిగారు. మూడు రోజులు రోజూ తెమ్మన్నారు. అది తేరుకున్నాక ఆయన కోపం పోయి ఆరా మొదలైంది.

"గోక్కుంటదా ఇది?"

"లేదు సారూ."

"ఒక్కపారి గూడ?"

"గోక్కోదు సారూ."

ఆయన ముఖం విప్పారింది. "గజ్జి అయితే గోకి గోకి పరేషాన్ అయితది. మరి గిదేంది?"

మచ్చ దగ్గర చర్మాన్ని వేళ్లతో నొక్కి, రవ్వంత రక్తం చెమర్చేదాకా బ్లేడుతో గీకి, ఆ గీకినదాన్ని గాజు పలక మీద నూనెచుక్కలో కలిపారు. సొంతంగా కొనుక్కున్న పాత మైక్రోస్కోపు ఒకటి ఆయన దగ్గర ఉండేది. అందులో ముందు తాను చూసి, తర్వాత నన్ను చూడమన్నారు. సన్నగా పొడుగ్గా ఒక పురుగు, ముందు భాగాన పొట్టిపొట్టి కాళ్లు ఎనిమిది. నాకు ఒళ్లు జలదరించింది, చూపు మాత్రం తిప్పుకోలేకపోయాను.

"తల్లి దగ్గర పాలు తాగేటప్పుడు వస్తయి. వెంట్రుకల కుదుళ్లల్ల ఉంటయి. మనుషులకు అంటుకోవు. పిల్ల పెరిగి బలం వస్తే చాలామట్టుకు అవే తగ్గుతయి. ఒళ్లంత పాకితే అప్పుడు మందు."

"అప్పటిదాక ఏం చెయ్యాలె సారూ?"

"చూడాలె."

నూలు పని చేసేదాన్ని కదా, ప్రతి సోమవారం ఒక్కో మచ్చ చుట్టూ నూలుపోగు పెట్టి కొలిచి, తెంపి తెమ్మన్నారు. ఆ పోగులను బల్ల మీద పక్కపక్కన పరిచి, చీరల షాపులో బేరానికి కూర్చున్నవాడిలా వంగి చూసేవారు. మూడో వారం పోగులు పొడుగయ్యాయి. ఆ సంగతి బాపు కంట పడింది. బాపు భయం కుక్క గురించి కాదు, దాన్ని పట్టుకుని పడుకునే మా చెల్లెలి గురించి.

"పొల్ల నెత్తి గిట్ల అయితే ఎవలు జిమ్మేదారి? రేపు మానేరు అవుతల ఇడిసొస్త" అన్నాడు. నేను దవాఖానకు వెళ్లి సారు ముందు ఏడ్చాను.

మర్నాడు పొద్దున బాపు కుక్కపిల్లను గోనెసంచిలో వేసి భుజాన ఎత్తుకునేసరికి వాకిట్లో స్కూటర్ ఆగింది. తువ్వాలలో చుట్టిన మైక్రోస్కోపుతో సారు దిగారు. సంచిలోంచి కుక్కపిల్లను తీసి, అంగీ గుండీలు విప్పి, ఆ మచ్చల ముఖాన్ని తన ఛాతీకి ఆనించుకుని కూర్చున్నారు. "ఒక చాయ్ పెట్టు బిడ్డా" అన్నారు. చాయ్ నింపాదిగా తాగారు. తర్వాత బ్లేడు తీస్తూ అన్నారు:

"అన్నా, నువ్వు దేనికి భయపడుతున్నవో ఒక్కపారి చూడు. చూసినంక నీ ఇష్టం."

మరో నెలకు పోగులు కురచనయ్యాయి. ఎండాకాలం వచ్చేసరికి మచ్చలు ఎక్కడుండేవో వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ కుక్క మా ఇంట్లోనే ముసలిదైంది. సారు పోయిన వార్త చెప్తే బాపు సాంచాలు బంద్ చేసి, చాలాసేపు బయట అరుగు మీద కూర్చున్నాడు. ఇద్దరం ఆ పొద్దుటి సంగతే తలుచుకున్నామని నా నమ్మకం.

ఆ పొద్దున కరెంటు లేదు. మైక్రోస్కోపు కింది చిన్న అద్దంతో ఎండను పట్టి పైకి పంపారు సారు. బాపు ఒక కన్ను మూసి వంగాడు. "కాళ్లు ఊపుతున్నది సారూ!" అన్నాడు, చిన్నపిల్లాడి గొంతుతో. ఇక లేవలేదు. వాకిట్లో ఎండ జరుగుతోంది. సారు ఒక చేత్తో కుక్కపిల్లను పొదువుకుని, రెండో చేత్తో, బాపు చూస్తున్న వెలుగు పోకుండా, ఆ అద్దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూనే ఉన్నారు.