నిండుకుందంటే నిండిందనుకున్నాను

ఒక్క మాటను బాగుచేయబోయి ఒక గోడౌనును ముంచిన ఘనుడు మన వైపు ఎవరైనా ఉన్నారా అని మీరు వెతకనక్కర్లేదు. నేనే. నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. నవ్వు కాస్త సద్దుమణిగాక మాత్రం నాతోపాటు తాడేపల్లిగూడెం వైపు ఒకసారి చూడండి.

అప్పుడు నేను ఏలూరులో ఒక బియ్యం, పప్పుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర మేనేజర్ని. పగలు బిల్లులు, సాయంత్రం సభలు. శకునాలనూ జాతకాలనూ వేదికల మీద చీల్చి చెండాడేవాణ్ణి. పిల్లి ఎదురొస్తే ఆగి, దానికి దారిచ్చి, వెనక వస్తున్నవాళ్ళందరినీ నిలబెట్టి "చూశారా, ఏమీ కాలేదు" అని ఉపన్యసించే రకం. నాకంటే ఆ పిల్లే ముందు విసిగిపోయేది.

ఒకరోజు షావుకారుగారు పిలిచారు.

"తాడేపల్లిగూడెం గోడౌనులో మనవాళ్ళు సరుకు ఉందో లేదో ఇంకా కేకలేసి చెప్పుకుంటున్నారండీ. ఫోన్లో నొక్కితే ఏలూరుకు తెలిసే పద్ధతి పెట్టించండి. ఈ పెళ్ళిళ్ళ సీజన్లో అది కుదిరితే గోడౌను అక్కడే ఉంచుదాం. కుదరకపోతే ఏలూరులో కలిపేద్దామండీ."

అంటే ఆ మనుషులంతా ఒకచోట ఉండటమా, చెదిరిపోవడమా అన్నది నా చేతిలో పడింది. ఎలాంటి చేతిలో పడిందో చూస్తున్నారుగా.

కేకల మాట నిజమే. గోడౌను చూసుకునే వీర్రాజుగారు బస్తాల సందులోంచి "కందిపప్పు నిండుకుందండోయ్" అని అరిస్తే, కౌంటర్లో సత్యవతిగారు "వినపడిందండోయ్" అని రాగం తీసేవారు. సాయంత్రం అందరూ బస్తాల మీద కూర్చుని టీ తాగుతుంటే ధూళి, పప్పు వాసన, నవ్వులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయేవి. నేనూ ఆ బస్తాల మీదే కూర్చునేవాణ్ణి. కాని ఆ రోజుల్లో నా చెవికి ఆ నవ్వులు ఎక్కలేదు, "నిండుకుంది" అన్న మాటొక్కటే ఎక్కింది.

సరుకు అయిపోతే "లేదు" అనరు, "నిండుకుంది" అంటారు. వంటింట్లోనూ అంతే, కొట్లోనూ అంతే. ఇది మూఢనమ్మకం కాక మరేమిటి? మర్నాడే సభ పెట్టాను. సభంటే నేనూ, వాళ్ళూ, బస్తాలూ.

"ఖాళీని ఖాళీ అనడానికి భయమెందుకండీ?" అన్నాను.

"భయం కాదండీ, మర్యాదండీ. అన్నం పెట్టేదాన్ని పట్టుకుని లేదు అనకూడదు కదండీ," అన్నారు వీర్రాజుగారు.

"అంటే బియ్యం అలిగి వెళ్ళిపోతాయా?"

"బియ్యం ఎక్కడికెళ్తాయండీ. అన్న నోటికే బాగోదండీ."

సత్యవతిగారు నవ్వు ఆపుకుంటూ, "ఏవండీ, మీ ఇంట్లో అమ్మగారు ఏమంటారండీ?" అని అడిగారు.

"అది వేరే విషయం," అన్నాను. వాదనలో ఓడిపోతున్నవాడు ఎప్పుడూ అనే మాట అదే. అప్పుడు మాత్రం గెలిచాననుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఫోన్లో బటన్ల మీద ఏం రాయాలని సాఫ్ట్‌వేరువాళ్ళు అడిగేసరికి నాలోని సంస్కర్త లేచి కూర్చున్నాడు. మాటను తీసేయడం దేనికి, దాని అసలు అర్థం దానికి తిరిగి ఇచ్చేద్దాం! నిండడమంటే నిండడమే. పచ్చ బటన్ మీద "నిండుకుంది" అని రాయించాను, సరుకు దండిగా ఉందని దాని అర్థం. ఎర్ర బటన్ మీద "లేదు". గోడౌనుకు వెళ్ళి ఈ కొత్త అర్థాన్ని వివరంగా చెప్పాను.

"అలాగేనండీ," అన్నారు వీర్రాజుగారు.

"అలాగేనండీ," అన్నారు సత్యవతిగారు.

మా గోదావరి వైపు "అలాగేనండీ" అంటే మీ మాట విన్నామని మాత్రమే. ఒప్పుకున్నామని కాదు. పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలియాలి. విజయగర్వంలో మనిషికి సొంత భాష కూడా పరాయిదైపోతుంది.

కొద్దిరోజుల్లో ఏలూరులో నా తెర మీద అన్నీ పచ్చబడ్డాయి. కొల్లేరు వానల్లో కూడా అంత పచ్చగా ఉండదు. షావుకారుగారికి చూపించి ఛాతీ విరుచుకున్నాను. పెంటపాడులో ఒక పెద్ద రైతుగారింట పెళ్ళి, వంటల కాంట్రాక్టరు మన పాత ఖాతాదారు, పాత బియ్యం కావాలన్నాడు. పాత బియ్యం పచ్చగానే ఉన్నాయి కదా! మిల్లు నుంచి రావలసిన లోడు అక్కర్లేదని చెప్పేశాను.

పెళ్ళికి ముందురోజు వీర్రాజుగారు ఫోను చేశారు.

"ఏవండీ, కాంట్రాక్టరుగారి వ్యాను వచ్చిందండీ."

"ఎక్కించండి."

"ఏం ఎక్కించమంటారండీ?"

"పాత బియ్యమండీ!"

"అవి నిండుకున్నాయి కదండీ."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎన్ని సభలు పెట్టినా మారని మనిషి ఇవాళ మాటను దాని అసలు అర్థంలో వాడుతున్నాడు!

"భేష్! నిండుకున్నాయి కనుకనే ఎక్కించమంటున్నాను!"

"నిండుకున్నాక ఎలా ఎక్కిస్తామండీ?"

"చేతులతో ఎక్కిస్తారండీ!"

ఫోన్లో వెనక నుంచి సత్యవతిగారి గొంతు వినిపించింది. "అయ్యో, మేనేజరుగారు కొత్త అర్థంలో ఉన్నారండీ!"

"మరి పచ్చ బటన్ ఎందుకు నొక్కారండీ?" అని అరిచాను.

"మన మాట మీద మనసుపడి మీరే రాయించారు కదాని నొక్కామండీ. పొద్దున్నే షట్టరు తీస్తూ ఆ ఎర్రదాన్ని నొక్కడానికి చెయ్యి రాలేదండీ."

"మరి సరుకు ఉన్నప్పుడు?"

"ఉన్నదాన్ని ఉందని చాటుకోవడమెందుకండీ, దిష్టి కాదూ!"

పెళ్ళివారు కడుపునిండా తిన్నారు. ఎదురు కొట్టు బియ్యం తిన్నారు. కాంట్రాక్టరు ఆ కొట్టుకే శాశ్వతంగా వెళ్ళిపోయాడు. షావుకారుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఏలూరులో కలిపేద్దామండీ," అన్నారంతే. తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదు.

వీర్రాజుగారు ఆ ఎదురు కొట్లోనే చేరారు. సత్యవతిగారు ద్వారకా తిరుమలలో పసుపు కుంకుమల కొట్టు పెట్టుకున్నారు. నాస్తికుణ్ణి, ఏడాదికోసారి వెళ్ళి ఆమె దగ్గర కుంకుమ కొంటాను. ఎందుకు కొంటున్నానో ఆమె అడగరు. అడిగితే నా దగ్గర వాదన లేదు.

ఏలూరు ఆఫీసులో ఇప్పుడు ఏసీ చల్లగా ఉంటుంది. సరుకు అయిపోతే తెర మీద "స్టాక్ లేదు" అని నిక్కచ్చిగా వస్తుంది. నేను కోరిన శాస్త్రీయ యుగం వచ్చేసింది. అందులో కేక వేసేవాళ్ళు లేరు, కేకకు రాగం తీసేవాళ్ళు లేరు. మాటకు బియ్యం జడవవని ఈ రోజుకీ వాదిస్తాను. కాని సాయంత్రం టీ వేళ తల దానంతటదే తలుపు వైపు తిరుగుతుంది, ఎవరో "అండోయ్" అన్నట్టు.

మొన్న తాడేపల్లిగూడెంలో దిగాను. మా గోడౌను షట్టరు మీద ఎవరిదో సిమెంటు ప్రకటన. ఎదురు కొట్లోంచి వీర్రాజుగారు చూసి, బయటికొచ్చి, టీ చెప్పారు.

"ఆఫీసు ఎలా ఉందండీ? జనం బాగా ఉన్నారా?"

తల వంచుకుని టీ గ్లాసులోకి చూస్తూ అన్నాను. "మనుషులు నిండుకున్నారండీ."

ఆయన గ్లాసు పక్కన పెట్టి, నా మొహంలోకి చూసి, చాలా మర్యాదగా అడిగారు.

"పాత అర్థమాండీ, కొత్త అర్థమాండీ?"

"పాతదేనండీ," అన్నాను.

అందుచేత, దేవుడి సాక్షిగా అనడం నాకు కుదరదు కనుక ఆ టీ గ్లాసు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. వాడేవాళ్ళను అడగకుండా ఇకమీదట ఏ మాటనూ బాగుచేయను. అడిగినప్పుడు వాళ్ళు "అలాగేనండీ" అంటే, ఆ ప్రయత్నం అక్కడితో మానుకుంటాను.