కట్టుకోని చీరలో పెళ్ళి ఫోటో

ఆ రోజుల్లో ఫోటోలో కనిపించిందంటే నిజమనే లెక్క. ఇప్పటి పిల్లలు ఏ ఫోటో చూసినా ముందు "ఎడిటింగా?" అని అడుగుతారు గానీ, రెండువేల సంవత్సరం దాటిన ఆ తొలినాళ్ళలో అంత అనుమానం ఎవరికీ ఉండేది కాదు. ఆ నమ్మకం మీదే బహ్రెయిన్‌లో నా జీతం నడిచేది. జుఫైర్‌లో ఒక చిన్న స్టూడియోలో ఫోటోలకు మెరుగులు దిద్దే పని నాది. చెదిరిన జుట్టు దువ్వడం, డ్యూటీ చొక్కాతో వచ్చినవాళ్ళకి కోటు తొడగడం (స్టూడియోలో ఉన్నది ఒక్కటే కోటు బొమ్మ, నా దయవల్ల సగం జుఫైర్ ఆ కోటే తొడుక్కుంది). ఫోటోషాప్‌లో నన్ను మించినవాళ్ళు లేరనుకునేదాన్ని. వయసు అలాంటిది మరి.

నా పెళ్ళి కూడా అక్కడే, మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో జరిగింది. మేమిద్దరం ఇష్టపడి చేసుకున్నాం. భీమవరంలో ఉన్న అత్తగారికి మాత్రం సుతరామూ ఇష్టం లేదు. అమ్మా నాన్నా లేకుండా హాస్టల్లో పెరిగిన పిల్లకి సంసారం ఏం తెలుస్తుందని ఆవిడ బెంగ. ఫోన్ చేస్తే కొడుకుతోనే మాట్లాడేవారు, నన్ను "ఆ అమ్మాయి" అనేవారు. అలాంటావిడ పెళ్ళి దగ్గర పడేసరికి కాస్త మెత్తబడి, గంధం రంగు పట్టుచీర ఒకటి కొని, ఊరెళ్ళి తిరిగొస్తున్న ఫెలోషిప్ అన్నయ్య చేతికిచ్చారు. ఆ కబురు విన్న రోజు నేను బాత్రూంలోకెళ్ళి ఏడ్చాను. ఒక పెద్దావిడ కొట్టుకెళ్ళి నాకోసమని చీర ఎంచడం అదే మొదటిసారి.

తీరా ఆ అన్నయ్యకి జ్వరమొచ్చి ప్రయాణం వాయిదా పడింది. నేను అరువు తెచ్చుకున్న తెల్లచీరలో పెళ్ళి చేసుకున్నాను. చీర మరుసటి వారం వచ్చింది. ఈలోగా అత్తగారు ఫోన్లో "నా చీర కట్టుకుందా?" అని అడిగితే, మావారు కంగారులో "కట్టుకుందమ్మా, ఎంత బాగుందో!" అనేశారు. అయితే పాస్టరుగారి ముందు నిలబడ్డ ఫోటో పెద్దది పంపమన్నారట ఆవిడ.

"అలా ఎందుకన్నారండీ?" అని తల పట్టుకున్నాను.

"లేదంటే తన చీర నీకు నచ్చలేదనుకుంటుంది. ఇంక జన్మలో నీతో మాట్లాడదు. అయినా నీకు ఫోటోషాప్ వచ్చుగా?"

వచ్చుగా! చీర నలుగుతుందని మడత కూడా విప్పకుండా స్టూడియో స్కానర్ మీద బోర్లించాను. వచ్చిన బొమ్మని ఫోటోలోని తెల్లచీర మీద పరిచి, చుట్టూ కత్తిరించాను. కుచ్చిళ్ళు మాయం, పైట మాయం. గోడకి రంగు కాగితం అంటించినట్టుంది. మా స్టూడియోలో పెద్దవాడు, మలయాళీ (అందరం చేట్టా అనేవాళ్ళం), వెనకనుంచి చూసి, "సిస్టర్, చీర కట్టుకున్నావా, చీర వెనక దాక్కున్నావా?" అన్నాడు.

తెల్లచీర కావడం ఒకందుకు కలిసొచ్చింది. కింది బొమ్మ పై బొమ్మలోంచి కనిపించేలా మల్టిప్లై అనే మోడ్ పెట్టేసరికి కింది నీడలన్నీ గంధం రంగులోంచి పైకి తేలి, చీరకి ప్రాణమొచ్చింది. బుటాలు మాత్రం మడతల్ని ఖాతరు చేయకుండా బడిపిల్లల్లా వరసగా నిలబడ్డాయి. మడత లోపలికి పోతే బుటా కూడా పోవాలి కదా! ఒక్కో కుచ్చిలినీ విడదీసి, దాని వంపుకి తగ్గట్టు బట్టని వంచుకుంటూ, వేళ్ళ మీదికీ పూలదండ మీదికీ పాకిన రంగుని చెరుపుకుంటూ, వారం పాటు మధ్యాహ్నం భోజనాలు మానేశాను. జరీ కొంచెం వెలవెలబోతుంటే వెలుతురు పెంచాను. దగ్గరికి జరిపి చూస్తే బుటాల చుట్టూ దారప్పోగులు కూడా కనిపిస్తున్నాయి. ఇంత సహజంగా ఎవరు చేస్తారని నన్ను నేనే మెచ్చుకున్నాను. చేట్టా కూడా "ఖలాస్, ఇంక ఎవరూ పట్టుకోలేరు" అని ముద్ర వేశాడు. గోడకి తగిలించుకునేంత పెద్ద ప్రింటు తీసి, ఊరెళ్ళేవాళ్ళతో పంపాం.

ఒక శుక్రవారం చర్చికి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. మావారు రెండు మాటలు విని, మొహం పాలిపోయి, ఫోన్ నా చేతిలో పెట్టారు. "నీకే ఇమ్మంటోంది."

"నమస్కారం అత్తయ్యగారూ" అన్నానో, అనుకున్నానో కూడా గుర్తులేదు.

"ఏంటమ్మా, అంతమందిలో చీర తిరగేసి కట్టుకున్నావు?"

నాకేమీ అర్థం కాలేదు. బీరువాలోంచి చీర తీసి మొదటిసారి మడత విప్పాను. లోపల జరీ ధగధగా మెరిసిపోతోంది.

"పట్టుచీర లోపలివైపు పైకి వచ్చేలా మడత పెడతాం, జరీ నల్లబడకుండా. పోగులున్న వైపు ఒంటికి రావాలి. ఈ ముక్క చెప్పేవాళ్ళు నీ పక్కన ఒక్కళ్ళూ లేకపోయారా?"

"లేరండీ" అన్నాను. అందులో మాత్రం ఒక్క అబద్ధం లేదు.

ఇంక ఫోటో గుట్టు ఆవిడకి తెలిసిపోయిందనే అనుకున్నాను. ఆవిడ మాత్రం ఒక్కసారిగా మెత్తబడ్డారు. "పిచ్చిపిల్లా! అలాగే నిలబడి పెళ్ళి చేసుకున్నావా? సెలవుకొచ్చినప్పుడు ఆ చీర తెచ్చుకో. నేను కడతాను."

అన్న మాట ప్రకారం కట్టారు కూడా, నా భుజం మీద పిన్ను పెడుతూ "కదలకు" అని కసురుకుంటూ. ఆ ఫోటో ఇప్పటికీ ఆవిడ ముందుగదిలోనే ఉంది. వచ్చినవాళ్ళు ఎవరైనా వంకపెడితే, "చిన్నపిల్ల, పాపం అప్పుడు దానికేం తెలుసు" అని ఆవిడే నన్ను వెనకేసుకొస్తారు. ఇప్పుడున్న సాఫ్ట్‌వేర్లతో దాన్ని సరిచేయడం నాకు కాఫీ తాగినంతసేపు. పాత ఫైలు కూడా నా దగ్గర భద్రంగా ఉంది, అప్పుడప్పుడూ తెరిచి ఆ పొగరుపిల్లని చూసి నవ్వుకుంటాను. సరిచేయడానికి మాత్రం మనసు రాదు. ఆ ఫోటోలో తప్పు లేకుండా కట్టుకుని ఉంటే ఆవిడ ఆ రోజు ఫోన్ నాకిమ్మనేవారు కాదు.