చెరువుగట్టు కాక్‌పిట్

నాకు పైలట్ లైసెన్సు వచ్చిన మూడో రోజుకే మా ఊరి సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. ఉద్యోగం రావడానికి మాత్రం పద్దెనిమిది నెలలు పట్టింది. ఆ పద్దెనిమిది నెలలూ నేనెక్కడున్నానని ఎవరు అడిగినా మా నాన్న ఒకటే జవాబు చెప్పేవాడు: "డ్యూటీలో ఉందండీ."

అబద్ధమాడడం మా నాన్నకి చేతకాదు. పెదపాడు దగ్గర కాస్త వరిచేను, దాని పక్కన ఒక చేపల చెరువు, ఎవరు పలకరించినా మాటకి రెండు 'అండీ'లు. ఆయన జీవితం అంతే. అలాంటి మనిషి చేత రోజూ అబద్ధం ఆడించింది ఆ ఫ్లెక్సీ. దాన్ని కట్టించింది ఆయన తమ్ముడు, అంటే మా బాబాయి.

బాబాయి ఏలూరు వెళ్ళి ఫ్లెక్సీ షాపు అతనికి నా పాస్‌పోర్టు ఫోటో ఇచ్చి, "పైలట్‌లా చెయ్యి" అన్నాడట. అతను చేశాడు. ఇంటర్నెట్లో దొరికిన ఎవరో విదేశీ కెప్టెన్ ఒంటి మీద నా తలకాయ అతికించాడు. భుజాల మీద నాలుగు బంగారు పట్టీలు, ముంజేతుల నిండా ఎర్రటి వెంట్రుకలు, ముందుకు తోసుకొచ్చిన పొట్ట. వెనకాల నాలుగు ఇంజన్ల మహా విమానం. శిక్షణలో నేను నడిపింది నలుగురు పట్టే ఒంటి ఇంజను బుల్లి విమానం. పైన పెద్ద అక్షరాల్లో 'మా ఊరి ముద్దుబిడ్డ కెప్టెన్ గారికి శుభాకాంక్షలు'. కింద గుండ్రటి ఫోటోల్లో ఇరవై మంది శ్రేయోభిలాషులు. బాబాయి ఫోటో నా ఫోటో కంటే పెద్దది. సెల్‌ఫోను చెవికి ఆనించుకుని, ఆ విమానాన్ని తనే పిలిపించినట్టు నిలబడి ఉన్నాడు.

"ఇంకా ఉద్యోగం రాలేదు బాబాయ్. నేను కెప్టెన్ని కూడా కాదు," అన్నాను.

"వస్తుంది కదమ్మా. వచ్చాక మళ్ళీ కట్టాలంటే ఎవరికి ఖాళీ?" అన్నాడు.

రాలేదు. కొత్త పైలట్ చేతిలో ఉండేది రెండొందల గంటల అనుభవం. అంతకంటే ఎక్కువ గంటలుంటేనే తీసుకుంటామంటాయి కంపెనీలు. తీసుకుంటే గాని గంటలు పెరగవు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. ఒక కంపెనీ రాత పరీక్షలోనే ఇంటికి పంపింది. ఇంకో కంపెనీ 'త్వరలో తెలియజేస్తాము' అని మెయిల్ పెట్టింది. ఆ త్వరలో ఇంకా నడుస్తూనే ఉంది.

ఊరికి ఇవేవీ పట్టలేదు. చింతలపూడి నుంచి ఒక దూరపు బంధువు ఫోన్ చేసి, వాళ్ళావిడకి విమానంలో కళ్ళు తిరుగుతాయి కాబట్టి నేను నడిపే రోజు చూసి, కాస్త నెమ్మదిగా పోనివ్వమన్నాడు. ఇంకొకాయన, "తాడేపల్లిగూడెంలో పాత రన్‌వే ఊరికే పడుంది కదమ్మా, అక్కడే ఏదో ఒకటి చూసుకుంటే ఇంటికి దగ్గర కదా," అని సలహా ఇచ్చాడు. విమానమంటే షేర్ ఆటో అనుకున్నాడు, పాపం. ఒక ఉదయం కొట్టుకి వెళ్తే కొట్టావిడ, "ఇవాళ డ్యూటీ లేదామ్మా?" అంది. సెలవన్నాను. మర్నాడూ సెలవే అన్నాను. నాలుగో రోజు ఆవిడ గొంతు తగ్గించి, "ఏవమ్మా, తీసేశారా?" అంది. ఇంకా తీసుకోందే ఎలా తీసేస్తారని అడగాలనిపించింది. సబ్బు తీసుకుని వచ్చేశాను.

ఆ సాయంత్రమే నాన్న, "చెరువు దగ్గర షెడ్డు ఖాళీగానే ఉందమ్మా, ప్రశాంతంగా చదువుకోవచ్చు," అన్నాడు. అలా రోజూ తెల్లారకముందే స్కూటీ మీద డ్యూటీకి బయల్దేరేదాన్ని. ఎవరైనా ఎదురైతే ఎయిర్‌పోర్టుకే అనుకునేవారు. నేను వెళ్ళేది మాత్రం చేపల మేతకి తెచ్చిన తవుడు బస్తాల మధ్యకి.

నాలుగు నెలలకి ఫ్లెక్సీ రంగు వెలిసింది. ఎవరి గృహప్రవేశానికో ఆ కర్రలు కావలసొచ్చి బాబాయి దాన్ని విప్పేశాడు. నాన్న దాన్ని తెచ్చి షెడ్డుకి పైకప్పుగా బిగించాడు, బొమ్మ లోపలివైపుకి వచ్చేలా. ఎందుకలా అంటే, "ఎండకి రంగు పోతుంది కదమ్మా," అన్నాడు. దారిన పోయేవాళ్ళు చూసి అడుగుతారని ఆయన భయం. నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. కానీ తలెత్తితే పైన ఎర్ర వెంట్రుకల చేతులతో నేనే, నా కింద ఇరవై మంది శ్రేయోభిలాషులు, అందరూ నా వైపే చూస్తున్నారు. అంతమంది ముందు ఏడవడం కష్టం.

మా చెరువుకి కాపలా ఉండేది కొల్లేటి లంక నుంచి వచ్చిన ఒక తాత. నీటికాకులూ గూడబాతులూ చేపల్ని ఎత్తుకుపోకుండా టపాకాయలు పేల్చి తోలడం ఆయన పని. నేను కాక్‌పిట్ బొమ్మ ఉన్న పెద్ద పోస్టరు తెప్పించి తవుడు బస్తాలకి అంటించాను. విమానం నడపడం నేల మీదే నేర్పే సిమ్యులేటర్ దొరకని వాళ్ళం ఇలా కాగితం మీటల మీదే చెయ్యి అలవాటు చేసుకుంటాం. దాని ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాను. కుడి కుర్చీ నాది. ఎడమ కుర్చీలో కెప్టెన్ ఉండాలి. అక్కడ తాతని కూర్చోబెట్టి, చెక్‌లిస్టు తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను.

"ఫ్లాప్సు?" అని చదివేవాడు తాత, కూడబలుక్కుంటూ.

"సెట్."

"ట్రిమ్ము?"

"సెట్."

"లైట్లు?"

"ఆన్."

"దణ్ణం పెట్టుకున్నారా?"

అది నేను రాసింది కాదు. లేదని చెబితే, "పడవెక్కే ముందు నీళ్ళకి దణ్ణం పెట్టని వాణ్ణి మా కొల్లేట్లో చూళ్ళేదండీ అమ్మాయిగారూ. నీళ్ళకే పెడితే గాలికి పెట్టొద్దా అండీ?" అన్నాడు. వాదించి లాభం లేదు. దణ్ణం పెట్టకపోతే తాత టేకాఫ్ ఇవ్వడు. అందుకని పోస్టరుని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేదాన్ని. అప్పుడు, "పోనివ్వండి," అనేవాడు.

గాల్లోకి లేచాక ఇంకో చిక్కు. మంచి ఎత్తులో ఉండగా, "ఒక్క నిమిషం ఉండండమ్మా, కాకులొచ్చాయి," అని కెప్టెన్ లేచి గట్టు మీదకి పోయేవాడు. బయట ఢాం ఢాం మని టపాకాయలు. కెప్టెన్ లేకుండా నేను ఎన్ని వందలసార్లు ఒంటరిగా దిగానో లెక్కలేదు. ఏ కంపెనీ ఆ గంటల్ని ఒప్పుకోదు.

పైలట్లకి ఏటా తప్పని మెడికల్ పరీక్ష రెండోసారి చేయించుకోవలసిన గడువు దగ్గరపడుతుండగా ఢిల్లీ వైపు నుంచి ఒక కంపెనీ పిలిచింది. రాత పరీక్ష గట్టెక్కాను. మిగిలింది సిమ్యులేటర్. ఇది కూడా పోతే ఈ చదువు కట్టిపెట్టి నాన్నతో నిజం చెప్పించేద్దామని రైల్లోనే నిర్ణయించుకున్నాను.

సిమ్యులేటర్లో నా పక్కన నాలాగే ఉద్యోగం లేని ఇంకో అబ్బాయి, వెనక పరీక్షించే కెప్టెన్. ఆ అబ్బాయి చెక్‌లిస్టు చదివాడు, నేను జవాబులు చెప్పాను. లైట్లు అయ్యాయి. చెక్‌లిస్టు పూర్తయిందన్నాడు. నేను కదల్లేదు. ఇంకో ప్రశ్న రావాలి కదా! అది రాకపోయేసరికి నా చెయ్యి దానంతటదే లేచి ఎదురుగా ఉన్న ప్యానెల్‌ని తాకి, కళ్ళకద్దుకుంది.

"అదేమిటి?" అని వెనకనించి ఇంగ్లీషులో ప్రశ్న.

"మా కెప్టెన్ గారు అలవాటు చేశారు సర్."

"రెండొందల గంటల పిల్లకి కెప్టెన్ ఎక్కడివాడు? ఏ కంపెనీ?"

"చేపల చెరువు సర్," అన్నాను. ఇంత దూరం వచ్చాక ఇంక దాచేదేముంది? షెడ్డు, పోస్టరు, తాత, టపాకాయలు, అన్నీ చెప్పేశాను. పక్కబ్బాయి నవ్వాపుకోలేక తల పక్కకి తిప్పుకున్నాడు. వెనకాయన నవ్వలేదు.

"ఆ కెప్టెన్ ఎప్పుడైనా చెక్‌లిస్టులో ఏదైనా వదిలేశాడా?"

"లేదు సర్. ఒకటి ఎక్కువే అడిగాడు."

ఆయన ఏదో రాసుకుని, "టేకాఫ్," అన్నాడు. ఏం రాసుకున్నాడో నాకిప్పటికీ తెలీదు. మూడు వారాలకి ఉద్యోగం ఇస్తున్నామని మెయిల్ వచ్చింది. షెడ్డులో నేను చదివి వినిపిస్తుంటే నాన్న తవుడు బస్తా మీద కూర్చుండిపోయి, "ఇంక డ్యూటీలో ఉందని చెప్పొచ్చన్నమాట," అన్నాడు. పద్దెనిమిది నెలలుగా చెబుతున్నదే కదా అన్నాను. "ఇప్పుడు గట్టిగా చెప్తానమ్మా," అన్నాడు.

కంపెనీ శిక్షణ అంతా ముగిసి, విశాఖ నుంచి గన్నవరానికి మొదటిసారి డ్యూటీ పడింది. నాన్నకి ఫోన్ చేసి చెబితే, ఫ్లెక్సీని తిరగేసి బొమ్మ ఆకాశం వైపుకి వచ్చేలా షెడ్డు మీద కట్టించానన్నాడు. "మన చెరువు మీదుగానే కదా రావాలి. పైనుంచి నీకు కనపడుతుందమ్మా."

కనపడడానికి వీల్లేదు. అంత ఎత్తునుంచి మా చెరువు వేల చెరువుల్లో ఒకటి. పైగా అటునుంచి వస్తుంటే కొల్లేరు ఎడమ పక్కన ఉంటుంది, నేను కూర్చునేది కుడి సీట్లో. నా కిటికీలోంచి జంగారెడ్డిగూడెం వైపు మెట్ట కనపడుతుంది. కెప్టెన్ గారి భుజం మీదుగా ఒక్కసారి మెడ చాపి చూశాను. ఎండకి మెరుస్తున్న నీళ్ళు తప్ప ఏమీ లేదు. అంతలో రేడియోలో పిలిచారు.

దిగాక ఫోన్ చేశాను.

"కనపడిందా అమ్మా?"

"స్పష్టంగా కనపడింది నాన్నా. బాబాయి ఫోటో కూడా."

"అలాగా. మంచిదమ్మా," అని ఫోను అమ్మకిచ్చాడు.

అమ్మ గుసగుసగా, "ఏం కనపడిందే నీకు? మొన్నటి గాలివానకే అది లేచిపోయి అవతలి చెరువులో పడింది. నువ్వు వెతుక్కుని బాధపడతావని చెప్పొద్దన్నారు. పొద్దుటి నుంచి ఆయనా తాతా ఎర్ర దుప్పటి పట్టుకుని గట్టు మీదే నిలబడ్డారు," అంది.

అమ్మ వెనక నుంచి ఎవరో గట్టిగా ఏదో అడుగుతున్నారు.

"తాతే. దణ్ణం పెట్టుకున్నారా అని అడుగుతున్నాడు," అంది అమ్మ.

"పెట్టుకున్నానని చెప్పు," అన్నాను.

ఆ ఒక్కటీ నిజం.