ఎదురింటి గుమ్మంలో మంచం

మా అత్తగారు పోయారు. నందిగామ నుంచి మా పక్క బట్టల కొట్టుకి ట్రంకాల్ వస్తే, అక్కడి గుమాస్తా వచ్చి చెప్పాడు. స్టవ్ మీద పాలున్నాయి. అవి పొంగకుండా దించి, స్టవ్ ఆర్పి, బడి నుంచి వచ్చే పిల్లల సంగతి పక్కింటావిడకి అప్పజెప్పి, అప్పుడు కూర్చుని ఏడ్చాను. ఏ పనైనా వరస తప్పకుండా చెయ్యడం నాకు నేర్పింది ఆవిడే.

కర్మకాండలన్నీ అయ్యాక జగ్గయ్యపేట తిరిగొచ్చేసరికి మా వీధిలో ఎన్నికల జీపులు తిరుగుతున్నాయి. మైకులో ఎవరో "వాళ్ళ అంతు చూస్తాం" అని అరుస్తున్నాడు. అత్తగారు పక్కనుంటే ఏమని అడిగేవారో నాకు తెలుసు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నా.

మా అత్తగారిది వీరులపాడు వైపు మెట్ట ఊరు. మిరప, పత్తి, గేదెలు. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. వ్యవసాయమూ, ఇద్దరు కొడుకులూ ఆవిడ చేతిమీదే నడిచారు. పెళ్ళైన కొత్తలో కొన్నేళ్ళు నేను ఆవిడ దగ్గరే ఉన్నా.

ఆవిడకి ఒక అలవాటుండేది. ఎవరైనా "అందరూ", "వాళ్ళు" అంటే ఊరుకునేవారు కాదు. మా ఇంట్లో మజ్జిగ చిలికిన రోజు చుట్టుపక్కల వాళ్ళు చెంబులు తెచ్చుకునేవాళ్ళు. ఒకసారి నేను, "మన మజ్జిగ పల్చగా ఉంటోందని అందరూ అనుకుంటున్నారత్తయ్యా" అన్నా.

"అందరూ అంటే ఎవరమ్మా?"

ఆలోచించి చూస్తే అన్నది ఒక్కావిడే.

"అయితే ఆవిడ చెంబులో రేపు చిక్కగా పొయ్యి. ఒకావిడ అన్నమాట ఊరందరి మీదా పెట్టకు" అన్నారు.

ఆవిడ ఎవరి పక్షమూ కాదని మాత్రం అనుకోకండి. పార్టీ విషయంలో మహా పట్టుదల. మా పార్టీ గెలిచిన రోజు ఎదురింటికి వినపడేట్టు రేడియో గొంతు పెంచేవారు. ఎదురింటి రంగయ్య గారు రెండో పార్టీకి పెద్ద. ఆయన పార్టీ గెలిచిన రోజు వాళ్ళ రేడియో గొంతు పెరిగేది. అయినా అత్తగారు ఆయన్ని "అన్నయ్యా" అనే పిలిచేవారు.

ఒక ఏడు ఎన్నికలు చాలా వేడిగా వచ్చాయి. మా మరిది అప్పుడు కుర్రతనం మీదున్నాడు. కీసర, కంచికచర్ల, నందిగామ, ఎక్కడ మీటింగైతే అక్కడికి ట్రాక్టరు కట్టించుకుని పోయేవాడు. తిరిగొచ్చి, అన్నం తింటూ ఆ ఉపన్యాసాలు మళ్ళీ చెప్పేవాడు.

"కాళ్ళు విరగ్గొట్టి పంపిస్తాం అన్నాడమ్మా. ఏం చప్పట్లనుకున్నావ్!"

"ఎవరి కాళ్ళురా?"

"వాళ్ళవి."

"వాళ్ళు అంటే? మనూళ్ళో ఎవరు? పేరు చెప్పు."

"ఇంకెవరు, రంగయ్య మావయ్య వాళ్ళే."

"మొన్న మన గేదె ఈనలేక పడిపోతే, పేడలో మోకాళ్ళమీద కూర్చుని దూడని బయటికి లాగాడే, ఆ కాళ్ళేనా?"

మరిది పెరుగన్నం కలుపుకున్నాడు. "గాజులు తొడుక్కుని కూచున్నారా అని అడిగాడమ్మా మమ్మల్ని. ఎంత సిగ్గేసిందో తెలుసా?" అన్నాడు.

అత్తగారు రెండు చేతులూ చాపి చూపించారు. "మీ నాన్న పోయిన దగ్గర్నుంచీ నా చేతులకి గాజుల్లేవురా. నేనెవర్నన్నా కొట్టానా?"

అలా ఆ నెలంతా ఆవిడ పేర్లు అడుగుతూనే ఉన్నారు, కొడుకు తల దించుకుంటూనే ఉన్నాడు. తెల్లారితే మళ్ళీ ట్రాక్టరెక్కేవాడు.

పోలింగ్ దగ్గరపడ్డాక నందిగామలో పెద్ద మీటింగ్ జరిగింది. మా ఊరి వాళ్ళు తిరిగొస్తుంటే చెరువు మలుపులో ఎవరో రాయి విసిరారు. మావాడొకడికి తల పగిలింది. దీపాలు పెట్టే వేళకి ట్రాక్టరు మా ఇంటిముందు ఆగింది. దిగినవాళ్ళ చేతుల్లో కర్రలున్నాయి. ముందు మా మరిది. మా ఆయన ఆ రోజు ఊళ్ళో లేరు. ఎదురింట్లో ధన్ మని తలుపేసి గడియ పెట్టుకున్న చప్పుడు నాకు వంటింట్లోకి వినపడింది. లోపల రంగయ్య గారు, ఆయన భార్య, వాళ్ళబ్బాయి ఉన్నారు.

"రాయి వేసింది వాళ్ళబ్బాయే" అన్నారు మావాళ్ళు.

"ఎవరు చూశారు?" అన్నారు అత్తగారు.

"అందరం చూశాం."

"అందరూ వద్దు. ఒకడు చెప్పండి, నేను చూశానని."

ఎవరూ చెప్పలేదు. అయితే తల కూడా దించుకోలేదు. వెనకనుంచి ఒకడు, "ఇప్పుడా లెక్కలెందుకు పెద్దమ్మా? ఒకటి పడితే పది వెయ్యమని పొద్దున మీటింగులో పెద్దాయన చెప్పనే చెప్పాడు" అన్నాడు. వాడి గొంతు వాడిది కాదు, మైకుది. ఆ రోజు ఆవిడ ప్రశ్న పని చెయ్యలేదు. అది ఆవిడకీ అర్థమైంది. మొహం చూస్తే తెలిసింది.

అరుగు మీదున్న నులక మంచం ఎత్తి నెత్తిన పెట్టుకున్నారు. కర్రల మధ్యనుంచి వీధి దాటి వెళ్ళి, రంగయ్య గారి గుమ్మానికి అడ్డంగా వేశారు.

"అన్నయ్యా, తలుపు తియ్యకు. నేనిక్కడున్నా" అని లోపలికి కేకేసి, పడుకున్నారు. వీధి వైపు తిరిగి, "రండి. మంచం దాటుకునే పోవాలి. దాటేవాడు ముందు వాడి పేరూ, వాళ్ళమ్మ పేరూ చెప్పి దాటండి" అన్నారు.

మరిది పళ్ళు బిగబట్టి, "అమ్మా, పరువు తీస్తున్నావు. లే" అన్నాడు.

"నడుం లాగేస్తోందిరా. కాసేపు పడుకోనీ."

"ఏం పెద్దమ్మా, పార్టీ మారావా?" అన్నాడొకడు ఎగతాళిగా.

"లేదురా. ఓటు మనకే. మంచం మాత్రం ఇవాళ ఇక్కడ."

ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ నవ్వుతో ఏదో సడలింది. ఒకడికి పశువులకి కుడితి పెట్టాలని గుర్తొచ్చింది. ఇంకొకడు తల పగిలినవాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోవాలన్నాడు. ఇక్కడిదాకా వచ్చినా అంతవరకూ ఆ మాటే ఎవరికీ తోచలేదు. అందరూ అటు కదిలారు. మరిది ఒక్కడే కర్రతో వీధి మధ్యలో నిలబడిపోయాడు.

నేను ఆవిడకి అన్నం పట్టుకెళ్తే, "వాడు తిన్నాడా?" అని అడిగారు. లేదన్నా. "అయితే నాకూ వద్దు. తీసుకుపో" అన్నారు.

ఆ రాయి ఎవరు విసిరారో ఈనాటికీ తెలియదు. రెండిళ్ళూ కలిసిపోలేదు కూడా. ఆ ఎన్నికల తర్వాత చాలాకాలం మాటల్లేవు. కానీ మా ఊళ్ళో ఎవరి మీదా దెబ్బ పడలేదు. అదే ఉపన్యాసం విన్న ఇంకో ఊళ్ళో ఆ రాత్రి ఒకాయన కాలు పోయింది. ఉపన్యాసం ఇచ్చినాయన అప్పటికే కారెక్కి బెజవాడ వెళ్ళిపోయాడు. ఆ కాలు పోయినాయన్ని తర్వాత నేను నందిగామ బస్టాండులో చూశా. చంకలో కర్రతో బస్సెక్కలేక, ఇద్దరు పట్టుకుని ఎక్కిస్తుంటే ఎవరి మొహమూ చూడకుండా ఎక్కుతున్నాడు. ఆ సంగతి అత్తగారికి చెబితే, "ఆయన పేరేమిటి?" అని అడిగారు. నేను తెలుసుకోలేదు. "తెలుసుకోవాల్సింది" అన్నారు.

మంచం వేసిన మర్నాడు తెల్లవారుతుండగా వాకిట్లో కళ్ళాపి చల్లడానికి బయటికొచ్చా. ఎదురింటి గుమ్మంలో అత్తగారు మంచం మీద ఒక పక్కకి ఒత్తిగిలి నిద్రపోతున్నారు. మా మరిది నేలమీద కూర్చుని, మంచంకోడుకి తల ఆనించి నిద్రపోతున్నాడు. కర్ర పక్కన పడి ఉంది. మంచుకి తడవకుండా ఎవరో వాడికి దుప్పటి కప్పారు. అది మా ఇంటి దుప్పటి కాదు. వాళ్ళ వెనక తలుపు కొద్దిగా తెరిచి ఉంది.