నీలిగుడ్డకు పచ్చ మూల

హోసూరులో మా మేడమీద వాటా ఒక జపాను జంటకు అద్దెకిచ్చింది తొంభైల చివర్లో. ఆయన ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆమె రెండేళ్లలో మా మాటలు ముక్కలు ముక్కలుగా నేర్చింది. పెరట్లో డ్రమ్ము పెట్టి, నీలిమందులో సున్నం, మా ఇంటి బెల్లం కలిపి గుడ్డలకు రంగు వేసేది. కెలమంగలంలో పట్టుపురుగులకు ఆకు తినిపిస్తూ పెరిగినదాన్నే గానీ, రంగుకు బెల్లం తినిపించడం నేనెక్కడా చూడలేదు.

గుడ్డలో అక్కడక్కడ శనగగింజ పెట్టి దారంతో బిగించేది. ఇట్లా ముడేసి రంగు వేయడాన్ని వాళ్లు షిబోరి అంటారట. ముంచి తీసిన గుడ్డ ఆకుపచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలమయ్యేది. ముడి విప్పితే తెల్లటి ఉంగరాలు! పొయ్యిమీద పాలు మరిచిపోయి చూసేదాన్ని.

ఒకసారి వాళ్లమ్మకు గౌను కుట్టించాలని, తన దేశంనుంచి తెచ్చుకున్న తెల్లగుడ్డ తీసింది. అలాంటిది ఇంకొకటి లేదు. వారంలో వాళ్ల దేశానికి ప్రయాణం. ముడులు వేయడానికి నన్నూ కూర్చోబెట్టుకుంది. మా ఇంట్లో కొత్తబట్టకు పసుపు పెట్టకుండా ఎవరూ కట్టరు. ఆమె పైకి పోయినప్పుడు, అలవాటున ఒక మూలకు తడి పసుపు బాగా పట్టించేశాను.

రంగులో ముంచి తీసి తీగమీద వేస్తే గుడ్డంతా నీలమైంది. ఆ మూల మాత్రం ఆకుపచ్చగానే నిలిచిపోయింది. గాలి చాలలేదనుకుని ఆమె విసనకర్ర తెచ్చి విసరసాగింది. నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను.

వాకిట్లోంచి మా అత్త చూసింది. “గాలి ఆ గుడ్డకు గాదే, నీకు కావల్ల. ఎట్ల చెమటలు పడతా ఉండాయో చూడు! పసుపు పూసినావా?”

“నేనే పెట్టినానమ్మా,” అన్నాను విసనకర్ర పట్టుకున్న ఆమెతో. “మా ఇండ్లల్లో కొత్త గుడ్డకు పెడతాము. మంచి జరగల్లని. ఏం బయం లేదు, నాలుగు దినాలు ఎండకేస్తే పోతాది.”

ఆమె విసరడం ఆపింది. “పసుపు పోతే... మంచి కూడా పోతాదా?”

అత్త పడీపడీ నవ్వింది. “చెప్పవే, ఇప్పుడు చెప్పు!”

ఆమె విసనకర్ర పక్కన పెట్టి, గుడ్డను తీగమీదనుంచి తీసి వసారాలో నీడకు వేసింది. ప్రయాణందాకా, పొద్దు తిరిగి ఎండ వసారాలోకి వచ్చినప్పుడల్లా, దాన్ని నేనే లోపలికి జరుపుతూ వచ్చాను.