వెనక నుంచి పిలవకూడదట

మా బావగారికి నేనంటే పడదు. ఆ సంగతి ఆయనా దాచుకోరు, నేనూ దాచుకోను. కాబట్టి ఇక్కడ రాసేదంతా కోపంతో రాస్తున్నదేనని ముందే ఒప్పుకుంటున్నాను. చల్లారాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. చల్లారలేదు.

తోటపల్లి గూడూరు దగ్గర మావి కౌలు రొయ్యల గుంటలు. మా ఆయన, వాళ్ళ అన్న అంటే మా బావగారు కలిసి చేస్తారు. పంట వేసిన నాలుగు నెలలూ ఇంటిల్లిపాదీ వంతులవారీగా గట్టు మీదే ఉండాలి. మగవాళ్ళకు తాటాకు పాక చాలు. నాకూ నా తోటికోడలికీ చాలదు. కనుచూపు మేర నీళ్ళూ గట్లూ తప్ప చాటు అన్నది లేనిచోట ఆడదానికి లేచిన దగ్గర్నుంచీ ఒకటే దిగులు. పొద్దు వాలేదాకా మంచినీళ్ళు కూడా భయపడుతూ తాగేవాళ్ళం. ఆ మాట చెబితే బావగారు నవ్వి, "మా యమ్మ చెయ్యలేదా ఈ పనులు?" అన్నారు. వాళ్ళమ్మ ఎన్ని అవస్థలు పడిందో ఆయనకు ఎవరు చెప్పి ఉంటారు?

పట్టుబట్టి ఆ చక్రాల గదిని కొనిపించింది నేనే. జీపు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న క్యాంపింగ్ ట్రైలర్ అది. లోపల ఒక మంచం, పొయ్యి పెట్టుకునే గట్టు, మూలన తలుపున్న మరుగుదొడ్డి. చెన్నైలో ఒక పెద్దాయన దాంట్లో ఊళ్ళన్నీ తిరిగి, నడుం నొప్పి పట్టుకున్నాక అమ్మేశాడు.

ఆ పెద్దాయన తాళాలు ఊరికే చేతిలో పెట్టలేదు. మా ఆయన ఫోన్లో మాట్లాడుకుంటూ అటు పోతే, నన్ను ఎండలో నిలబెట్టి నేర్పాడు. జీపు వెనకున్న ఇనుప గుండు మీద ట్రైలర్ ముందున్న కప్పు కూర్చోవాలి. కూర్చున్నాక మీట నొక్కి బిగించాలి. మీట లేవకుండా దానికి పిన్ను పెట్టాలి. కప్పు ఊడినా బండి విడిపోకుండా రెండు గొలుసులు కిందుగా అడ్డం మార్చి తగిలించాలి. ఆఖరున లైట్ల వైరు. బ్రేకు తొక్కితే వెనక ఎర్ర లైటు వెలుగుతోందా లేదా ఇంకొకరు నిలబడి చూడాలి. సామాన్ల బరువు వెనక వేస్తే తోక ఊపుతుంది, ముందుకు సర్దుకోవాలి. ఇదంతా నాచేత ఏడుసార్లు విప్పించి ఏడుసార్లు కట్టించాడు. చివరికి వేలు చూపించి, "బండి పోయేటప్పుడు లోపల మనిషి కూడాదు. పిల్లి కూడా కూడాదు" అన్నాడు, తన తమిళ తెలుగులో.

ఇంటికొచ్చాక కాగితాల పని నా నెత్తినే పడింది. ట్రైలర్‌కు వేరే రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాని నంబరు దాని వెనక రాయించాలి. నెల్లూరులో ఆర్టీఓ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగానో. ఆ నంబరు ప్లేటు బిగించిన రోజు బావగారు ఊరు ఊరంతా వినేటట్టు, "ట్రాక్టర్ ట్రక్కులకే సగానికి నంబర్లు లేవు. మాయమ్మి దొడ్డికి నంబరు ప్లేటంట!" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. అది నేను మర్చిపోలేదు.

రెండు పంటలకు ఆ బండిని నేనే లాక్కెళ్ళాను, నేనే లాక్కొచ్చాను. గీత కూడా పడలేదు.

ఈసారి కోట ఊరికి అవతల కొత్త గుంటలు కౌలుకు తీసుకున్నారు. సోమవారం సీడు వదలాలి, అంటే రొయ్య పిల్లల్ని గుంటలో విడవాలి. గట్టు మీద పూజ, కొబ్బరికాయ, పొంగలి. మామూలుగా జీపు నడిపేది నేనే. మంచి పని కాబట్టి ఆ రోజు ఇంటి పెద్దే నడపాలన్నారు. సరే అన్నాను. తాళాలు ఇచ్చినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

పొంగలి వండడానికి అక్క రావాలి. అక్క అంటే నా తోటికోడలు, బావగారి భార్య. ఆమెకు మోకాళ్ళు మడత పడవు. జీపులో గుంట నీళ్ళు చిలికే ఏరేటర్ మోటారూ సామాన్లూ పోగా కాళ్ళు చాపుకునే చోటు లేదు.

"ట్రైలర్లో మంచం ఉండాదిగా. హాయిగా పండుకోని వస్తాది" అన్నారు బావగారు.

"కుదరదు బావా. లోపల మనిషి ఉండకూడదు. అది చట్టం కూడా ఒప్పుకోదు."

"చట్టమంట! పెళ్ళికి ట్రాక్టర్లో యాభై మంది పోతారు. వాళ్ళందరూ చచ్చిపోయినారా?"

"కొందరు చచ్చిపోయారు" అన్నాను. ఆ మాటతో ఆయన మొహం ఎర్రబడింది. మంచి పనికి పోతూ చావు మాట ఎత్తానని ఇద్దరన్నదమ్ములూ ఒకేసారి నా మీద పడ్డారు. నేనూ తగ్గలేదు. అరుగు మీద అక్క పొంగలి గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. చివరికి, అక్కకు ఆటో మాట్లాడతానని నేనే తేల్చేశాను. ఆటో రావడానికి అరగంట పడుతుందన్నాడు అవతలివాడు.

సోమవారం ఏడున్నరకు రాహుకాలం మొదలవుతుంది. మా ఇళ్ళలో ఆలోపు బయలుదేరలేకపోతే ఒక ఏర్పాటుంది. బండిని మంచి గంటలో గేటు దాటించి వీధిలో పెడతారు. బయలుదేరినట్టే లెక్క. ఆ తర్వాత తీరిగ్గా ఎప్పుడు పోయినా దోషం లేదట. దాని మీద నాకేమీ పేచీ లేదు. చేసేవాడు కాస్త బండి వెనక్కి తిరిగి చూడాలి, అంతే.

ఏడుంబావు దాటింది. నేను కప్పును గుండు మీద కూర్చోబెట్టి, ట్రైలర్ ముక్కుకు ఆసరాగా ఉండే చిన్న చక్రాన్ని పైకి ఎత్తేశాను. మీట నొక్కబోతే పిన్ను జేబులో లేదు. ఇంట్లో అల్మారాలో ఉందని గుర్తొచ్చి లోపలికి వెళ్ళాను. పిన్ను చేతికి దొరికేసరికి ఇంజన్ చప్పుడు వినిపించింది.

పరిగెత్తుకొచ్చేసరికి జీపూ ట్రైలరూ వీధిలో ఉన్నాయి. అరుగు ఖాళీగా ఉంది. ట్రైలర్ తలుపు మూసి ఉంది.

"ఆగండి బావా! లాకు పడలేదు!" అని వెనక నుంచి అరిచాను.

ఆయన తల బయట పెట్టి, "పోయేటప్పుడు ఎనక నుంచి పిలవబాకని ఎన్నిసార్లు చెప్పాల నీకు!" అని అంతకంటే గట్టిగా అరిచి, గేరు మార్చి వెళ్ళిపోయారు. ఆగి ఉంటే అరనిమిషం పని. వెనక నుంచి పిలిచిన దోషం తగులుతుందని, దానికంటే వేగంగా పారిపోయారు ఆ మహానుభావుడు.

నేనూ మా ఆయనా మోటారు సైకిల్ మీద వెంటపడ్డాం. నా పిడికిట్లో పిన్ను అలాగే ఉంది. పక్కకు వంగి చూస్తే గొలుసులు రెండూ రోడ్డు మీద ఈడ్చుకుంటూ పోతున్నాయి. వైరు ఊగుతోంది. బ్రేకు వేసినా వెనక లైటు వెలగడం లేదు. బావగారికి ఫోన్ చేశాను, కట్ చేశారు. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్ చేశారు.

"ముందుకు పోయి అడ్డం పెట్టండి" అన్నాను మా ఆయనతో.

"శుభమా అని పోతా ఉంటే అన్నకి బండి అడ్డం పెడతానా? కాలువ దాటినాక ఆపుతాడులే."

నలభై ఏళ్ళ మనిషి. ఇద్దరు పిల్లల తండ్రి. అన్న బండికి అడ్డం పెట్టడానికి చేతులు రాలేదు. ఆయన వీపు మీద గుద్దాను కూడా. చెప్పడానికి సిగ్గుపడటం లేదు, ఇంకా గట్టిగా గుద్దాల్సింది.

కాలువ వంతెన నడుమ ఎత్తుగా ఉంటుంది. జీపు ఆ ఎత్తెక్కి దిగుతుంటే కప్పు గుండు మీద నుంచి లేచిపోయింది. జీపు ముందుకు పోయింది. ట్రైలర్ ముక్కు రోడ్డుకు గుద్దుకుని, పక్కకు తిరిగి, వంతెన దిగిన చోట గట్టు కిందికి ఒరిగిపోయింది. ఎదురుగా బస్సు రాలేదు. అంతకు మించి మమ్మల్ని కాపాడింది ఏమీ లేదు.

తలుపు పగలగొట్టి అక్కను బయటికి తీశాం. భుజం ఎముక విరిగింది. మొహం నిండా పొంగలికని తెచ్చిన బియ్యమూ బెల్లమూ.

ఆసుపత్రిలో, బాత్రూములో జారిపడిందని రాయించారు బావగారు. నేను కాదని చెప్పబోతే మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. చూడవచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట. మంచి గంటలో కదిలారు కాబట్టి ప్రాణం దక్కిందట, ఆమాత్రం దెబ్బ నేను వెనక నుంచి పిలిచినందుకట. ఆ మాట నా మొహం మీదే అన్నారు. బావగారు కాదనలేదు.

మూడో రోజు మధ్యాహ్నం గదిలో అక్కా నేనూ మాత్రమే ఉన్నాం. ఆమె పైకప్పు చూస్తూ చెప్పింది.

"గొలుసు గరగరమంటా ఉండింది. ముందర కిటికీలోంచి చూసినాను. ఆయనకి ఫోన్ చేసినాను."

"ఎత్తారా?"

"ఎత్తినాడు. నీక్కూడా ఆయమ్మి పిచ్చి పట్టిందా, గమ్మున పండుకో అన్నాడు."

నా ఒళ్ళు మండిపోయింది. కింద క్యాంటీన్‌లో ఉన్నారాయన. నలుగురిలోనూ కడిగేద్దామని లేచాను.

"యాడికి? కూర్చో" అంది అక్క. "ఆ పొద్దు మీరు ముగ్గురూ అరుచుకుంటా ఉంటిరే, నేను ఆ అరుగు మీదనే ఉండాను. నువ్వు ఎక్కుతావా ఎక్కవా అని ఒక్కరన్నా అడిగినారా నన్ను? ఆయన అడగడు, సరే. నువ్వు? ఆటో నువ్వే పిలిచేస్తివి, లోపలికి నువ్వే పోతివి. ఆయన వచ్చి ఎక్కమంటే ఎక్కినాను. నాకు ఎక్కాలని లేదు. ముందే నువ్వు అడిగుంటే, అందరి ముందరా చెప్పేసి ఉందును."

నేను మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాను. కట్టు కట్టిన ఆమె భుజం వైపు చూశాను.

"నొప్పిగా ఉందా అక్కా?" అన్నాను.

"ఇప్పుడు అడగతా ఉండావు" అంది ఆమె.