నిచ్చెన ఎక్కనన్న బాలనర్సింహ తాత

మా తాత బాలనర్సింహకు దుర్గేష్ అంటే గిట్టదు. దుర్గేష్ కంటే నిచ్చెన అంటే ఇంకా గిట్టదు. ఆ రెండూ ఒకే రోజు ఒకే గేటులోంచి యార్డులోకి వచ్చాయని ఇప్పటికీ తిడుతుంటాడు.

యార్డు బొంగులూరులో, రింగు రోడ్డు పక్కన. సినిమా షూటింగులకు పోయే క్యారవాన్లు అక్కడ ఆగుతాయి. లోపల మంచం, అద్దం, బాత్రూము అన్నీ ఉన్న పెద్ద బండ్లు. హీరోయిన్ చల్లగా కూర్చోవాలంటే బండి టాపు మీది ఏసీ పెట్టెల్లో దుమ్ము ఉండకూడదు. ఆ టాపు మీది పని తాతది. పదో తరగతి తప్పిన నేను బండ్ల లోపల కర్టెన్లు కుట్టేదాన్ని. హీరోయిన్ కూర్చునే సోఫాలో కూర్చుని కూడా చూశాను. మా ఇంటి నవారు మంచమే నయం.

తాత అంతకుముందు తాళ్లెక్కి, అంటే తాటిచెట్లెక్కి, కల్లు గీసేవాడు. ఇబ్రహీంపట్నం చుట్టూ వెంచర్లు పడి, తాటిచెట్లను జేసీబీలు పెకిలించాక, గీసేవాళ్లలో కొందరు ఆటోలు కొనుక్కున్నారు, కొందరు వాచ్‌మన్ కుర్చీల్లో కూర్చున్నారు. తాత మాత్రం ఎత్తు మీద పనే కావాలని తిరిగి తిరిగి ఇది పట్టాడు.

"కుర్సీల కూసున్న మొగోడు కుర్సీ లెక్కనే అయితడు పొల్లా" అనేవాడు.

"నాలుగు కాళ్లు వస్తయా తాతా?" అని అడిగితే చెప్పు విసిరేవాడు. గురి ఎప్పుడూ తప్పలేదు.

టాపు ఎక్కడానికి ఆయన పద్ధతి ఆయనది. టైరు మీద కాలు, సైడు అద్దం కమ్మీ మీద చెయ్యి, కిటికీ అంచున మోకాలు, ఒక్క ఊపు. కిందికి కూడా అంతే, కోతిలా. చివరికి ఒక కొత్త బండి అద్దం కమ్మీ వంగిపోయింది. అప్పుడే దుర్గేష్ సూపర్‌వైజర్‌గా వచ్చాడు. భీమవరం వైపు మనిషి, వనస్థలిపురంలో ఇల్లు, ముందు పొట్ట వచ్చి తర్వాత ఆయన వస్తాడు. వస్తూ వస్తూ ఒక అల్యూమినియం నిచ్చెన తెచ్చాడు.

దుర్గేష్‌కు కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది.

"బాలనర్సింహగారండీ, తమరు దయచేసి దీని మీద ఎక్కండి."

"నిచ్చెన సున్నమేసేటోళ్లకు. నేను తాళ్లెక్కినోన్ని."

"ఇది తాటిచెట్టు కాదండీ మహానుభావా!"

"గందుకే నిద్రల గూడ ఎక్కుత."

అయినా దుర్గేష్ వదల్లేదు. నిచ్చెన కాళ్లు బండికి ఎడంగా గట్టి నేల మీద ఉండాలట. పైకొస టాపు అంచు దాటి నిలబడాలట. కింద ఒక మనిషి పట్టుకోవాలట. ఎక్కినా దిగినా ముఖం నిచ్చెన వైపే ఉండాలట. బకెట్ చేత్తో మోయకుండా తాడుతో పైకి లాక్కోవాలట. తాత బీడీ తాగుతూ అంతా విని, "మంత్రాలైనయా అయ్యగారూ? ఇగ తాళి కట్టాల్నా?" అన్నాడు. యార్డంతా నవ్వింది. నేనైతే సూది గుచ్చుకునేదాకా నవ్వాను.

దుర్గేష్ మాత్రం నవ్వలేదు. "రేపు నిచ్చెనైనా ఎక్కండి, గేటు దగ్గర కుర్చీలోనైనా కూర్చోండి. మూడో దారి లేదండీ" అన్నాడు.

ఇంట్లో మా అవ్వ మాణిక్యమ్మ దుర్గేష్ పక్షమే చేరింది. "బొక్కలిరిగితే నిన్ను ఎత్తి దవాఖానకు ఎవడు తీస్కపోతడు? మంచిగ కుర్సీల కూసో."

"వాచ్‌మన్ టోపీ నీకు మస్తుంటది తాతా" అన్నాను నేను. ఈసారి చెప్పు రాలేదు. గిన్నెలో అన్నం అట్లాగే వదిలేసి లేచిపోయాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆయనకు ఆ టాపు ఎంత అవసరమో.

పొద్దున్నే యార్డుకు పోయి, ఎవరి ముఖమూ చూడకుండా నిచ్చెన ఎక్కాడు. దుర్గేష్ కింద పట్టుకున్నాడు. తాత పైన ఏసీ పెట్టెలు కడిగాడు, తుడిచాడు, ముఖం నిచ్చెన వైపు పెట్టి దిగడం మొదలుపెట్టాడు. సగం దిగాక బండి పక్క రేకు మీద బురదనీళ్ల చార కనిపించింది. తాతకు మరక కనిపిస్తే ఆగలేడు. భుజం మీది గుడ్డ తీశాడు. రెండు చేతులూ వదిలి, నడుమును హాయిగా వెనక్కి వాల్చాడు.

తాటిచెట్టు మీద అలాగే చేస్తారు. చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టిన లావుపాటి తాడు ఉంటుంది, మోకు అంటారు. ఎంత వెనక్కి వాలితే అది అంత గట్టిగా పట్టుకుంటుంది. భయపడి చెట్టుకు అతుక్కున్నవాడే జారిపడతాడు. ఒళ్లు నేర్చుకున్న విద్య అది, అడిగి రాదు.

నిచ్చెన మీద మోకు లేదు.

వెనక్కి పోతూ పోతూ తాత చేతికందిన మెట్టును పట్టి గుంజాడు. నిచ్చెన పైకొస బండిని వదిలేసింది. "అయ్యబాబోయ్!" అంటూ దుర్గేష్ కింది మెట్టెక్కి, పొట్టా ఒళ్లూ మొత్తం నిచ్చెనకేసి నొక్కాడు. అది ధడేల్‌మని తిరిగి బండికి తగిలింది. తాత జరజరా జారి దుర్గేష్ నెత్తిన కూర్చున్నాడు.

"మీకేమన్నా పిచ్చా అండీ?"

"నీ నిచ్చెన నన్ను నూకింది!"

"తమరే వాలారు! పిల్లనడగండి!"

తాత చెయ్యి నడుము చుట్టూ తడుముకుంటోంది. దుర్గేష్ అది చూసి, ఏం వెతుకుతున్నాడని నన్ను అడిగాడు. మోకు సంగతి చెప్పాను. నెత్తి రుద్దుకున్నాడాయన.

"అయితే ఇంక గేటు దగ్గరేనండీ" అన్నాడు. "చెట్టు అలవాటు మీకు పోదు. నా చేతుల మీదుగా మీరు పోవడం నాకిష్టం లేదు."

తాత లేచాడు. నిచ్చెనను తనే సరిచేసి నిలబెట్టాడు. కాళ్లు బండికి ఎడంగా జరిపాడు. మడమతో నేలను తొక్కి చూశాడు. పైకొస అంచు దాటిందో లేదో తలెత్తి చూశాడు. మంత్రాలన్నీ వచ్చు ముసలోడికి! అంతా చేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పట్టు."

"పట్టనండీ."

"నువ్వు పట్టకపోతే నేనెక్క. గదే గద నీ రూలు? మధ్యాన్నం దాంక గిట్లనే నిలబడత. షూటింగోళ్లు బండి అడిగితే నువ్వే చెప్పుకో."

దుర్గేష్ పళ్లు కొరుకుతూ పట్టుకున్నాడు. తాత టాపు దాకా ఎక్కి, తిరిగి దిగాడు. ఈసారి గోడ మీది బల్లిలా పొట్ట నిచ్చెనకు ఆనించి, మెట్టు మెట్టుకూ ఒక తిట్టు పెట్టి. చార దగ్గర ఆగాడు. ఎడమ చేత్తో నిచ్చెనను కౌగిలించుకుని, కుడిచేత్తో తుడిచాడు.

"వాలకండీ!"

"వాలుతలేను, ఒర్రకు!"

నేల మీద కాలు పెట్టాక గుడ్డ దులిపి, ఆ పక్కనున్న బండి చూపించాడు. "దాని మీద గూడ దుమ్మున్నది. నిచ్చెన పట్టుకొని రా."

"డ్రైవర్ యోబును పంపిస్తానుండండి."

"యోబు బక్కోడు, నేను పడితే వాడూ పడతడు. నువ్వే రా, నీకు బరువున్నది."

"నేను సూపర్‌వైజర్నండీ!"

తాత అప్పటికే నడుస్తున్నాడు. దుర్గేష్ నన్ను ఒకసారి, నిచ్చెనను ఒకసారి చూసి, దాన్ని భుజాన వేసుకున్నాడు. "తమరు ముందు దయచేయండి మహాప్రభో" అని గొణుగుతూ వెనకాలే పోయాడు.